సందు లేని పని

లక్కోజు మోహనాచారి కట్టిన లారీ బాడీలో కాగితం ముక్క దూరే సందు కూడా ఉండదని బెజవాడ ఆటోనగర్‌లో చెప్పుకునేవారు. అలా చెప్పుకునేవాళ్లలో మొదటివాడు మోహనాచారే. చెక్కకీ చెక్కకీ అతుకు పెట్టాక బొటనవేలి గోరుతో దాని మీద అడ్డంగా గీసి చూసేవాడు. గోరు ఎక్కడన్నా తట్టుకుందో, ఆ పని మళ్లీ మొదలు. పనివాళ్లు లోపల్లోపల తిట్టుకునేవారు. లారీల ఓనర్లు మాత్రం వెతుక్కుంటూ అతని షెడ్డుకే వచ్చేవారు. అలా ఊళ్లోవాళ్లందరి బళ్లూ కట్టి కట్టి, చివరికి తన కుటుంబం కోసం ఒక బండి కట్టుకోవలసిన రోజు వచ్చింది.

ఎండలు తెచ్చిన రోజు అది. ఈ కథ జరిగే నాటికి కృష్ణ ఒడ్డున ఫాల్గుణం దాటితే మనుషులు బతికే వీలు లేదు. ఏసీలు నడపడానికి కరెంటు చాలదు, కరెంటు ఉన్నప్పుడు ఏసీలు చాలవు. డబ్బున్నవాళ్లు కొండల్లో ఇళ్లు కొనుక్కుని చల్లగా ఉన్నారు. చేతిలో పనితనం ఉన్నవాళ్లు పాత లారీలు కొని, వాటినే ఇళ్లుగా మార్చుకుని, ఏడాదిలో సగం మన్యం రోడ్ల మీద నీడ వెతుక్కుంటూ తిరుగుతున్నారు. ఏదీ లేనివాళ్లు ప్రభుత్వం తెరిచిన చల్లహాళ్లలో చాపలు పరుచుకుని, పక్క చాప ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తూ పడుకుంటున్నారు. కిందటి వేసవిలో అలాంటి హాల్లోనే మోహనాచారి కొడుకు నందుకి, ఐదేళ్లవాడికి, వేడికి మూర్ఛలు వచ్చాయి. ఒకసారి ఒళ్లంతా నీలం తిరిగింది. ఇంకో వేసవి ఇలాగే గడిస్తే పిల్లాడు దక్కడని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. మోహనాచారి ఇల్లు అమ్మి ఆరుచక్రాల లారీ ఒకటి కొన్నాడు.

పాత బాడీ మొత్తం ఊడదీసి, క్యాబిన్నూ ఛాసిస్నూ మాత్రం ఉంచాడు. వెనక కొత్తగా గది లేపాడు. ఛాసిస్‌కి రెండు పక్కలా నీళ్ల ట్యాంకులు, బరువు ఒకవైపు ఒరగకుండా. గ్యాస్ బండ పెట్టెకి తలుపు బయటివైపే పెట్టాడు, లీకైనా వాసన లోపలికి రాకుండా. సొరుగులన్నిటికీ గొళ్లేలు బిగించాడు, ఘాట్ మలుపుల్లో గిన్నెలు ఎగిరి నెత్తిన పడకుండా. గోడకి మడిచే బల్ల, బల్ల వెనక దేవుడి గూడు, స్టీలు గ్లాసులు తగిలించే కొక్కేలు, ఒకదానిమీద ఒకటి మంచాలు. భార్య హైమ వంటగట్టు ఎత్తు రెండుసార్లు మార్పించింది. తల్లి బంగారమ్మ తన మంచం పక్కన చెంబు పెట్టుకునే చోటు అడిగింది. పదమూడేళ్ల కూతురు విశాల తన తలగడ దగ్గర ఒక కిటికీ కావాలంది, బండి పోతుంటే వెనక్కి పోయే రోడ్డు చూస్తుందట. కిటికీ పెడితే ఎండంతా లోపలే ఉంటుందని మోహనాచారి కసిరాడు. మర్నాడు ఆ కిటికీయే ముందు పెట్టాడు.

టేపు రెండో కొస పట్టుకున్నదీ, మేకులు అందించినదీ విశాలే. తండ్రి ఒక అతుకు ముగించగానే తను వచ్చి బొటనవేలి గోరుతో గీసి, "పాసయ్యావు నాన్నా" అనేది. ఒకసారి ఫెయిలయ్యావంది. అతను నమ్మలేదు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే నిజంగానే వెంట్రుకంత సందు ఉంది. ఆ పూట అతను అన్నం తినకుండా దాన్ని సరిచేశాడు, తింటూ కూర్చున్న కూతుర్ని మాత్రం షెడ్డుకి వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయాడు.

గది పూర్తయింది గానీ గది చల్లబడే ఉపాయం మిగిలింది. ఆ ఉపాయం హైమ తమ్ముడు గిరిధర్ దగ్గర ఉంది. అతను ఊరి బయట ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్నాడు. ఒకరోజు బావగారిని అక్కడికి తీసుకెళ్లి, లోపలివైపు పచ్చటి దుప్పటి అతికించినట్టున్న ఒక గాజుపెట్టె చూపించాడు. నాచునీ, బూజు జాతిదాన్నొకదాన్నీ కలిపి పెంచిన పొర అది. వాళ్లు దానికేదో నంబరు పెట్టుకున్నారు, పనివాళ్లు పచ్చపొర అంటున్నారు. లోపల ఉన్నవాళ్ల ఊపిరి తాగి బతుకుతుంది, ఆ తడిని బయటివైపుకి చెమరుస్తుంది. మట్టికుండ నీళ్లు చల్లబడ్డట్టు లోపల చల్లబడుతుంది. పెట్టె బయట ఇద్దరికీ చెమటలు కారిపోతున్నాయి. లోపల ఎలుకలు నాలుగూ ఒకదాన్నొకటి ఆనుకుని హాయిగా నిద్రపోతున్నాయి.

గిరిధర్ ఇంకో బోనులోంచి ఎలుకనొకదాన్ని తీసి ఆ పెట్టెలో వదిలాడు. ఇద్దరూ టీ తాగి వచ్చేసరికి, కొత్త ఎలుక ముట్టె దగ్గరున్న పొర మాడిన రొట్టెలా గోధుమరంగు తిరిగింది. నశ్యంలాంటి పొడి రాలుతోంది. ఎలుక తుమ్ముతోంది, తుమ్మినప్పుడల్లా ముక్కునుంచి నెత్తుటి చుక్క పడుతోంది. పొర చెమర్చడం ఆగిపోయి పెట్టెంతా వేడెక్కింది, పాత ఎలుకలు కూడా రొప్పుతున్నాయి. గిరిధర్ పట్టకారుతో దాన్ని తీసి ఒక డబ్బాలో పడేశాడు.

"వేసిన కొత్తలో తొమ్మిది రాత్రులు పొర పచ్చిగా ఉంటుంది బావా. అప్పుడు ఎవరి ఊపిరి తాగితే వాళ్లు దాని సొంతవాళ్లు. తర్వాత వచ్చినవాళ్లు దానికి జబ్బు కింద లెక్క. ఇది చిన్న పెట్టె కాబట్టి గంటలో తేలిపోయింది. లారీ అయితే కొన్నాళ్లు పడుతుంది, అంతే తేడా," అన్నాడు.

మోహనాచారి డబ్బాలోకి తొంగిచూశాడు. ఎలుక ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది. దాని సంగతి వదిలేసి, పొర ప్లైవుడ్‌కి పట్టుకుంటుందా, జిగురు రాయాలా అని అడిగాడు.

ఒక కుటుంబం మీద పరీక్షించి చూడాలని పరిశోధనశాలవాళ్లూ అనుకుంటున్నారు. గిరిధర్ మాట మీద ఒక్క పీపా ఇచ్చారు. రెండో పీపా రెండేళ్లదాకా తయారుకాదని ముందే చెప్పారు. మోహనాచారి గోడలకీ కప్పుకీ తలుపు లోపలివైపుకీ తనే బ్రష్షుతో పూశాడు. ఆ రాత్రి ఐదుగురూ బండిలో పడుకున్నారు. తొలకరి వాన పడ్డ నేల వాసన వచ్చింది. నందు చాలా కాలం తర్వాత దుప్పటి అడిగాడు.

తెల్లవారి విశాల పెద్దమనిషి అయింది.

బంగారమ్మ ముందు సంతోషించింది, మనవరాలికి దిష్టి తీసింది, వెంటనే బండి దింపింది. షెడ్డు మూల చాప వేయించింది. కంచం, గ్లాసు, దుప్పటి విడిగా పెట్టించింది. తొమ్మిదో రోజు స్నానందాకా పిల్ల బండి మెట్టు ఎక్కడానికి వీల్లేదంది. మోహనాచారి మిగిలిపోయిన ప్లైవుడ్‌తో ఆ మూలకి అడ్డు కట్టాడు. ఏ పనీ ముతకగా చేయలేడు కాబట్టి ఆ అడ్డు అంచులకి కూడా బీడింగ్ పట్టీ వేశాడు.

మేనమామ లాంఛనం ప్రకారం గిరిధర్ తాటాకులు, చిమ్మిలి, కొత్త పరికిణీ పట్టుకుని వచ్చాడు. పిల్ల ఎక్కడ కూర్చుందో చూడగానే అతని మొహం మారిపోయింది. ఈ రాత్రులు పోతే మళ్లీ రావని, చాప తీసుకెళ్లి లోపలే వేయండని అక్కకి చెప్పాడు. హైమ అత్తగారి వైపు చూసింది. బంగారమ్మ కోప్పడలేదు. అల్లుడి వరస వాడికి మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"ముట్టుతో తాకితే ఆవకాయ జాడీకే బూజు పడుతుంది నాయనా, తులసమ్మే వాడిపోతుంది. ఇది ప్రాణమున్న గోడాయె. నందుగాడి ప్రాణం దానిమీదే ఉందాయె. తొమ్మిది రోజులు బయట కూర్చుంటే పిల్లేమన్నా అరిగిపోద్దా?"

గిరిధర్ నవ్వబోయాడు. బావగారి మొహంలో నవ్వు లేకపోవడం చూసి ఆగాడు. మోహనాచారి ముట్టూ మైలా పట్టించుకునే మనిషి కాదు, ఆటోనగర్‌లో అందరికీ తెలుసు. కానీ అతనికి గోడ భయం పట్టుకుంది. ఒక్కటే పీపా. అది వాడిపోతే నందు లేడు.

"గిరీ, ఆ సమయంలో ఆడపిల్ల ఊపిరి పొరకి పడుతుందో లేదో మీరు పరీక్ష చేశారా?" అని అడిగాడు.

చేయలేదన్నాడు గిరిధర్. తేడా ఉండడానికి కారణమేమీ లేదని కూడా అన్నాడు గానీ, ఆ రెండో మాట మోహనాచారి చెవిలోకి వెళ్లలేదు. చదువుకున్నవాడు చేయలేదన్నాడు, అతనికి అది చాలు. గిరిధర్ కూడా ఇంకాస్త గట్టిగా అరవవలసినవాడు, అక్కగారింట్లో మంచినీళ్లు తాగి గట్టిగా అరవలేకపోయాడు. మొదటి రాత్రి పడుకుందిగా, ఆ ఒక్క రాత్రీ చాలేమోలే అని తనకి తనే చెప్పుకున్నాడు. తెచ్చిన తాటాకులు తన చేత్తోనే మేనకోడలి కింద పరిచి, చిమ్మిలి తినిపించి వెళ్లిపోయాడు.

సాయంత్రం ప్లైవుడ్ అడ్డు అవతలినుంచి విశాల అడిగింది. "నాన్నా, గోడకి నేను గుర్తుంటానా?"

"ఒక రాత్రి పడుకున్నావుగా. గుర్తుంటావులే," అన్నాడు మోహనాచారి, చిత్రిక పడుతూనే.

పొర ఆరింది. తొమ్మిదో రోజు పిల్లకి తలంటి, హారతిచ్చి, బండి ఎక్కించారు. కొత్త గట్టు మీద పాలు పొంగించారు. బంగారమ్మ పచ్చగోడకి పసుపూ కుంకుమా చూపించి మరీ దండం పెట్టింది. ఎండలు ముదరకముందే రాజమండ్రి దాటి, రంపచోడవరం మీదుగా మన్యంలోకి ఎక్కారు. ఆ కొద్ది రోజులూ వాళ్లు సుఖపడ్డారు, ఆ మాట ఒప్పుకోవాలి. బయట రోడ్డు మీద తారు కరిగి టైర్లకి అంటుకుంటుంటే, లోపల హైమ పులిహోర కలిపేది, నందు మంచాల మీదినుంచి కిందికి దూకేవాడు, విశాల తన కిటికీ దగ్గర బోర్లా పడుకుని వెనక్కి పోయే రోడ్డుకి పేర్లు పెట్టేది.

మారేడుమిల్లి దగ్గర ఆమెకి దగ్గు పట్టుకుంది. హైమ మిరియాల కషాయం కాచింది. మర్నాడు విశాల తలగడ పైన గోడమీద అరచేయంత మచ్చ కనబడింది, మాడిన రొట్టె రంగులో. మోహనాచారి దాన్ని చూశాడు. చూసి, దుప్పటి అంచు పైకి లాగి కప్పాడు. సాయంత్రానికి మచ్చ దుప్పటి దాటింది. పొడి రాలింది. గదిలో చల్లదనం తగ్గిపోయింది, నందుకి కళ్లు తేలిపోయాయి. విశాల దగ్గిన రుమాల్లో నెత్తుటి చుక్క పడింది.

ఫోన్‌లో మోహనాచారి మచ్చ సంగతి చెప్పాడు. గిరిధర్ చెప్పవలసింది చెప్పాడు. పిల్లని ఆ క్షణమే గదిలోంచి దింపేయాలి. మళ్లీ లోపల పడుకుంటే ఊపిరితిత్తులు మిగలవు. పొర కూడా జబ్బుపడి చెమర్చడం మానేస్తుంది, అప్పుడు తక్కిన నలుగురూ ఉడికిపోతారు. కొత్త పొర వేయాలంటే పీపా లేదు. ఇది చెప్పి ఏడ్చాడు. మోహనాచారికి అతని ఏడుపు మీద అసహ్యం వేసింది, ఫోన్ పెట్టేశాడు. అసహ్యం నిజంగా ఎవరి మీదో అతనికి తెలుసు.

పిల్ల దిగాక గోడమీది మచ్చ మెల్లగా మళ్లీ పచ్చబడింది, గది చల్లబడింది. ఇక విశాల ఇల్లు క్యాబిన్. బండి నడుస్తున్నంతసేపూ అక్కడ ఏసీ ఉంటుంది, కాబట్టి నడుస్తూ ఉండాలి. ఆగితే రేకు పెనం. మోహనాచారి క్లీనరు సీటు తీసేసి పిల్లకి మంచం అమర్చాడు. క్యాబిన్‌కీ గదికీ మధ్య గోడ కోసి, తల్లీ తమ్ముడూ కనబడేలా గాజు బిగించాడు. అన్నం అందించడానికి రెండు తలుపుల గూడు చేశాడు. అటు తలుపు మూస్తేనే ఇటు తలుపు తెరుచుకుంటుంది, ఒకరి ఊపిరి ఒకరికి తగలదు. గాజు చుట్టూ రబ్బరు పెట్టి, దానిమీద బీడింగ్ పెట్టి, దానిమీద పుట్టీ పట్టించాడు. జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. విశాల వచ్చి అలవాటు ప్రకారం గోరుతో గీసి చూసింది.

"పాసయ్యావు నాన్నా," అంది.

ఆ రోజు హైమ పెట్టెలోంచి చిత్రిక తీసి అతని చేతిలో పెట్టింది. గోడ గీకేయమంది. చస్తే అందరం కలిసి ఒకే వేడిలో చద్దామంది. మోహనాచారి చిత్రిక పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. ఒక్క పట్టు పడితే పచ్చటి చారిక లేచి కింద పడింది. బంగారమ్మ నిద్రపోతున్న నందుని ఎత్తుకొచ్చి, చిత్రిక ఆగిన చోట, గోడకి ఆనించి కూర్చోబెట్టింది. పిల్లాడు కళ్లు తెరిచి నాన్నా అన్నాడు. మోహనాచారి చిత్రిక కింద పెట్టాడు. గాజు అవతలినుంచి విశాల ఇదంతా చూసింది. కాసేపటికి ఆమె కర్టెన్ వేసుకుంది.

షెడ్డు మూల వాడిన కంచమూ గ్లాసే ఆమెతో క్యాబిన్‌లోకి వచ్చాయి. ఒకసారి గూడు తలుపు దగ్గర నాయనమ్మని అడిగింది, ఈసారి స్నానం ఎప్పుడు చేయిస్తావని. బంగారమ్మ మొహం తిప్పుకుంది. ఆ ముసలావిడకి మనవరాలంటే ప్రాణం, అందులో అబద్ధం లేదు. రాత్రిళ్లు చల్లటి గోడ పక్కన పడుకుని కుమిలిపోయేది. పొద్దున్నే లేచి అదే గోడకి దండం పెట్టుకునేది.

చింతపల్లి వైపు రోడ్డు బాగాలేదు. ఆ కుదుపులకి గాజు చట్రం మూలన పుట్టీ చిట్లి, వెంట్రుకంత సందు పడింది. మోహనాచారి చూడలేదు. పిల్లలు చూశారు. నందు అక్కడ నోరు పెట్టి ఇవాళ ఏం కూరో చెప్పేవాడు, విశాల చెవి పెట్టి వినేది. తర్వాత ఆమె నోరు పెట్టి కథ చెప్పేది, వాడు చెవి పెట్టేవాడు. గంటలు గంటలు అలా గడిచిపోయేవి. పిల్లలు పోట్లాడుకోకుండా ఉన్నారని హైమ సంతోషించింది.

కొన్ని వారాలకి మోహనాచారి క్యాబిన్ తుడుస్తుంటే, కూతురి తలగడ దగ్గర వేలాడదీసిన తువ్వాలు జారింది. దాని వెనక పచ్చటి దారం. సందులోంచి బయటపడి, చట్రం మీదుగా దిగి, సరిగ్గా ఆమె తల ఆనే చోటికి పాకింది. కొసన చిన్న ఆకంత వెడల్పయింది. లోపల ఉండి దగ్గించింది చాలక బయటికి కూడా వెతుక్కుంటూ వచ్చిందనుకున్నాడు. సామాన్ల సంచిలోంచి ఉలి తీశాడు.

"కోయొద్దు నాన్నా," అంది విశాల. "చల్లగా ఉంటుంది, ముట్టుకుని చూడు. ఇది వచ్చాక నాకు దగ్గే రాలేదు."

"నీకేం తెలుసే."

"దగ్గితే నాకు తెలీదా?"

గిరిధర్‌ని అడగవచ్చు. ఆ కొండల్లో టవర్ అందదు నిజమే, కానీ చింతపల్లి ఊళ్లో అందుతుంది. మోహనాచారి ఆ ఆలోచనే చేయలేదు. సందు కనబడితే మూయడం అతని పని, దానికి ఒకరి సలహా ఎందుకు. పైగా తన పనిలో సందు పడిందన్న ఉక్రోషం ఒకటి. ఉలితో దారాన్ని మొదలంటా తెగ్గోశాడు, మూలంతా గీకి, కొత్త పుట్టీ కూరి, రేకు ముక్క వేసి రివెట్లు కొట్టాడు. అవతల నందు గాజు మీద అరచేతులతో బాదుతూ ఏడ్చాడు. విశాల ఏడవలేదు. తెగిపడ్డ పచ్చ ముక్కని తీసుకుని చాలాసేపు చెంపకి ఆనించుకుని కూర్చుంది. ఈసారి గోరుతో గీసి చూడలేదు.

ఆ తర్వాత ఎండలు పెచ్చుమీరాయి. కిందనుంచి వేలకొద్దీ బళ్లు లంబసింగి చల్లదనం కోసం ఒకేసారి ఘాట్ ఎక్కాయి. మలుపులో ఒక లారీ అడ్డం తిరిగింది, మోహనాచారి బండికి ముందూ వెనకా బళ్లు నిలిచిపోయాయి. ఆగిన బండి ఇంజను కాసేపు తిప్పి ఏసీ నడిపాడు మోహనాచారి. రేడియేటరు పొగలు కక్కింది, ఇంజను ఆగింది, ఏసీ ఆగింది.

క్యాబిన్ మీద తడి గోనెలు వేశారు. ఆరిపోయాయి. మళ్లీ తడిపారు. విశాల మొదట విసనకర్ర తనే విసురుకుంది, తర్వాత హైమ విసిరింది. పిల్ల ఒంట్లో చెమట ఆగిపోయిందని గమనించిన హైమ, లోపలికి తీసుకెళ్దాం అంది. మోహనాచారి ఆలోచించాడు. లోపలికి తీసుకెళ్తే పొర జబ్బుపడుతుంది, గది వేడెక్కుతుంది, ఇంత ఎండలో నందు ఒక్క పూట ఆగడు. గదిలో బంగారమ్మ వాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది, గాజులోంచి కనబడుతోంది. ముందు బళ్లు కదులుతున్నాయని ఎవరో అరిచారు.

"ఇంకాసేపు చూద్దాం. కదులుతున్నాయంటున్నారు," అన్నాడు.

కదలలేదు. హైమ మళ్లీ అడిగింది. మళ్లీ అదే మాట అన్నాడు. మూడోసారి ఆమె అడగలేదు. పిల్లని భుజాన వేసుకుని గది తలుపు కాలితో తన్ని తెరిచి, విశాల మంచం మీదే, ఆ కిటికీ దగ్గరే పడుకోబెట్టింది. అప్పటికి ఊపిరి ఉంది. చల్లదనం తగలగానే పిల్ల కనురెప్పలు కదిలాయి. అమ్మ అన్నదో అనలేదో హైమకి ఇప్పటికీ తేలదు. ఆ ఊపిరి సాయంత్రందాకా ఉండి, అప్పుడు పోయింది.

మోహనాచారి ఆ సమయమంతా కూతురి మొహం చూడలేక, ఆమె తల వెనక గోడని చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడు మాడుతుందా, ఎప్పుడు పొడి రాలుతుందా అని. గోడ పచ్చగానే ఉంది. ఊపిరి సన్నగా ఉంది కదా, దానికి తెలిసి ఉండదు అనుకున్నాడు.

ఘాట్ పక్కనే, రాళ్లు తొలగించి, పూడ్చారు. తిరిగి బండెక్కాక బంగారమ్మ అలవాటు కొద్దీ అంది, మైలలో ఉన్నాం, పదకొండు రోజులు దేవుడి గూడు తెరవకూడదని. గోడ సంగతి మాత్రం ఎత్తలేదు. బయట అడుగుపెడితే అరికాలు కాలుతోంది. మైలపడ్డ నలుగురూ బండిలోనే తిన్నారు, గోడనానుకునే పడుకున్నారు. గోడకి ఏ జబ్బూ రాలేదు. హైమ ఒక్కతే అత్తగారి వైపు చూసి, గోడ వైపు చూసి, మళ్లీ అత్తగారి వైపు చూసింది. బంగారమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది.

కబురు అందాక, రోడ్డు తెరుచుకున్నాక, గిరిధర్ వచ్చాడు. అక్క అతనితో మాట్లాడలేదు. కాసేపు ఎక్కడ కూర్చోవాలో తెలియక, మేనకోడలు ఉన్న చోటు చూస్తానని క్యాబిన్ ఎక్కాడు. మోహనాచారి స్టీరింగు వెనక కూర్చునే ఉన్నాడు. మైల రోజులు గడిచి, ఎండ కాస్త తగ్గాక, అతను అక్కడినుంచి దిగడం మానేశాడు. విశాల తలగడ దగ్గర ఎండిపోయిన పచ్చ ముక్క, చట్రం చెక్క మీద అది పాకిన చార కనబడ్డాయి. గిరిధర్ ఆ ముక్కని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఇది ఇటువైపు పెరిగిందా బావా?"

"పాకింది. మూల సందులోంచి పిల్ల మీదికి వస్తుంటే కోసేశాను."

గిరిధర్ సీట్లో కూలబడ్డాడు. చెప్పకుండా ఉండిపోవచ్చు. గట్టిగా చెప్పకుండా ఉండడం తను ఒకసారి చేసిన పనే, దాని ఫలితం ఘాట్ పక్కన రాళ్ల కింద ఉంది. అందుకని ఈసారి చెప్పాడు.

"పరాయివాళ్ల వైపు ఇది పెరగదు బావా. పరాయి ఊపిరి తగిలితే మాడి ముడుచుకుంటుంది. సొంతవాళ్ల వైపే పాకుతుంది. ఆ మొదటి రాత్రి కొద్దిగా గుర్తుండి ఉంటుంది. ఈ సందులోంచి రోజూ కొంచెం కొంచెం ఊపిరి అంది, మిగతాది నేర్చుకుంది."

మోహనాచారి అర్థం కానట్టు చూశాడు.

"నువ్వు కోసిన రోజుకే పిల్ల దానికి సొంతమైపోయింది. తలుపు తీసి లోపల పడుకోబెట్టుంటే సరిపోయేది," అన్నాడు గిరిధర్.

గాజు అవతల నందు నిలబడి వీళ్లనే చూస్తున్నాడు. వాడి బుగ్గలు నిండాయి, ఒంటికి రంగు వచ్చింది. ఈ వేసవిలో వాడికి ఏమీ కాదు. వాడు వంగి, మూలనున్న రేకు ముక్క దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి గానీ ఇటు ఏమీ వినబడటం లేదు.

గిరిధర్ చెయ్యి చాచి ఆ రేకు చుట్టూ ఉన్న పుట్టీ మీద బొటనవేలి గోరుతో అడ్డంగా గీసి చూశాడు. ఎక్కడా తట్టుకోలేదు.